చైతన్య రథం మీద ఎన్టీఆర్.. మరి ఆ రథం కింద చక్రాల సంగతేంటి?

హైదరాబాద్: ఉప్పల్ దాటి ఘట్‌కేసర్ వైపు వరంగల్ హైవే ఎక్కితే పగలూ రాత్రీ లారీలు, కంటైనర్ ట్రైలర్లు బారులు తీరి కనిపిస్తాయి. రోడ్డు పక్కన పంక్చర్ షాపులు, గాలి కొట్టే కంప్రెషర్లు మామూలే. ఆ ఉప్పల్‌ను ఆనుకుని ఉన్న నాచారంలోని రామకృష్ణ స్టూడియోలోనే తెలుగు రాజకీయాల దారి మార్చిన ఒక పాత బండిని ఏళ్ల తరబడి భద్రపరిచారు. నంబర్ ఏబీఆర్ 7776. పేరు చైతన్య రథం.

ఆ బండి మీద నిలబడి ఎన్టీఆర్ చేసిన ప్రసంగాల గురించి చాలామంది రాశారు, చాలామంది చెప్పారు. కానీ అసలు ఆ బండి అన్ని ఊళ్లు ఎలా తిరిగిందన్నది పెద్దగా ఎవరూ పట్టించుకోరు. ఆయన జీవితంలో చక్రాలకు ఉన్న చోటు మాత్రం చిన్నది కాదు.

నందమూరి తారక రామారావు 1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టారు. రైతు కుటుంబం. చదువుకునే రోజుల్లో ఇల్లు గడవడానికి సైకిల్ మీద విజయవాడ హోటళ్లకు పాలు పోశారు. గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీలో డిగ్రీ అయ్యాక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. మూడు వారాలకే దానికి దండం పెట్టి మద్రాసు రైలెక్కారు. 1949లో మనదేశం, 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్. ఆ తర్వాత సినిమా కథ అందరికీ తెలిసిందే.

జనం మధ్యకు వెళ్లడం ఆయనకు 1982లో కొత్తగా వచ్చిన అలవాటేమీ కాదు. 1952లో రాయలసీమ కరువు వచ్చినప్పుడు ఊరూరా తిరిగి విరాళాలు సేకరించారు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత అక్కినేనితో కలిసి జోలె పట్టారు. కొడుకుల్లో పెద్దవాడైన రామకృష్ణ 1962లో చిన్న వయసులోనే చనిపోయాడు. స్టూడియోకు ఉన్నది ఆ బిడ్డ పేరే.

1982 మార్చి 29న హైదరాబాద్‌లో తెలుగుదేశం పార్టీ ప్రకటించారు. అప్పటికి ఆయన వయసు 60కి దగ్గర పడుతోంది. పార్టీకి ఊళ్లలో ఆఫీసుల్లేవు, కేడర్ లేదు, టీవీ ఇంకా ఇళ్లలోకి రాలేదు. జనం దగ్గరికి తనే వెళ్లాలి. దానికి ఆయన ఎంచుకున్నది ఒక పాత షెవర్లే వ్యాన్. లోపల కూర్చోడానికి, నడుం వాల్చడానికి ఏర్పాట్లు. పైకప్పు మీద నిలబడి మాట్లాడటానికి వేదిక. మైకులు. ఇప్పుడు షూటింగుల దగ్గర స్టార్ల కోసం ఆగి ఉండే కారవాన్లు చూస్తున్నాం కదా, ఒక రకంగా వాటికి ఇది పెద్దన్న. తేడా ఒక్కటే. ఆ కారవాన్లు ఎక్కువసేపు ఆగే ఉంటాయి. ఇది ఆగింది తక్కువ.

స్టీరింగ్ పట్టింది కొడుకు హరికృష్ణ. అప్పటికి పాతికేళ్ల కుర్రాడు. ఖాకీ దుస్తుల్లో తండ్రి పైన, డ్రైవర్ సీట్లో కొడుకు. స్నానం రోడ్డు పక్కనే, భోజనం రోడ్డు పక్కనే, నిద్ర చాలాసార్లు బండిలోనే. నెలల తరబడి, వేల కిలోమీటర్లు. అప్పటి పల్లె దారులు గుర్తున్నవాళ్లకు ఇది మామూలు విషయం కాదని తెలుసు. కంకర రోడ్లు, మట్టి బాటలు, వానొస్తే బురద. జనం గుంపులుగా అడ్డం పడితే ఆగుడు, మళ్లీ బయల్దేరుడు.

ఇలాంటి బండికి అసలు సమస్య బరువు. సరుకు వ్యాన్‌లో లోడ్ కింద, ఫ్లోర్ మీద ఉంటుంది. దాన్నే ఇల్లులా మార్చి, పైన వేదిక కట్టి, మనుషులు ఎక్కితే బరువు పైకి జరుగుతుంది. మలుపులో బండి ఒక పక్కకు ఒరుగుతుంది, ఆ పక్క టైర్ల మీద భారం పెరుగుతుంది. ఆ టైర్లో గాలి తక్కువుంటే పక్కగోడ ప్రతి తిరుగుడులోనూ అవసరానికి మించి వంగి లేస్తుంది. వంగిన కొద్దీ వేడి పుడుతుంది. ఆ వేడికి లోపలి పొరలు విడిపోతాయి. పేలేది ఆ తర్వాతే. చాలామంది ఎండకు టైర్ పేలిందంటారు. ఎండ చేసేది కొంతే, తక్కువ గాలి, ఎక్కువ లోడ్ చేసేది ఎక్కువ.

పైగా ఆ రోజుల్లో మన రోడ్ల మీద ఎక్కువగా ఉన్నవి ట్యూబ్ టైర్లు, నైలాన్ పొరలవి. ఇప్పటి ట్యూబ్‌లెస్ రేడియల్‌లా మేకు దిగినా కాసేపు ఓపిక పట్టే రకం కాదు. ట్యూబ్ చిరిగిందంటే గాలి ఒక్కసారిగా పోతుంది. తలకు మించిన బరువున్న బండికి, అందులోనూ పైన మనిషి నిలబడి ఉంటే, అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. అందుకే ఆ యాత్రలో తండ్రి ప్రసంగానికి ఎంత మార్కులు వేస్తారో కొడుకు డ్రైవింగ్‌కూ అంతే వేయాలి.

పాత డ్రైవర్లు టైర్‌ను రాడ్‌తో కొట్టి శబ్దాన్ని బట్టి గాలి చెప్పేస్తుంటారు. పూర్తిగా దిగిపోయిన టైర్ అలా దొరుకుతుంది కానీ, పావు వంతు తగ్గిన గాలిని చెవి పట్టుకోలేదు. గేజ్ పెట్టాల్సిందే. అదీ పొద్దున్నే, బండి కదలకముందు. నడిచాక వేడికి ప్రెషర్ పెరుగుతుంది, ఎక్కువుందనుకుని గాలి తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది. కారుకు 30, 35 పీఎస్ఐ సరిపోతే భారీ లారీ టైర్లకు 100 దాటుతుంది. కాబట్టి అందరికీ ఒకే లెక్క కుదరదు. బండి తయారీదారు ఇచ్చిన అంకె, ఎక్కిన బరువు, ఈ రెండే లెక్క. వెనక జంట టైర్లుంటే లోపలిదాని మీద ఇంకాస్త కన్ను ఉండాలి. అది దిగిపోయినా బండి ఒరగదు, బయటికి కనపడదు, పక్క టైర్ రెండింటి బరువూ మోస్తూ ఉంటుంది. చక్రం మార్చాక కొద్ది దూరం నడిపి నట్లు మళ్లీ బిగించడం కూడా చాలామంది మర్చిపోయే పని.

1983 జనవరి మొదటి వారంలో ఎన్నికలు జరిగాయి. పార్టీ పుట్టి ఏడాది కాలేదు. 294 సీట్లున్న అసెంబ్లీలో 200కు పైగా గెలిచారు. జనవరి 9న ఎల్బీ స్టేడియంలో, జనం సమక్షంలో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఏడేళ్ల తర్వాత అద్వానీ టొయోటా వాహనాన్ని రథంగా మార్చుకుని దేశంలో తిరిగారు. తెలుగు నేల మీద ఆ పని అప్పటికే అయిపోయింది.

తర్వాతి రాజకీయం ఎత్తుపల్లాల రోడ్డే. 1984 ఆగస్టులో గవర్నర్ రాంలాల్ ఆయన్ను పదవి నుంచి తప్పించారు, నెల రోజుల్లోనే తిరిగొచ్చారు. 1989లో ఓటమి, 1994 చివర్లో భారీ విజయం, 1995లో సొంత పార్టీలోనే తిరుగుబాటు. 1996 జనవరి 18న హైదరాబాద్‌లో కన్నుమూశారు. రథం నడిపిన హరికృష్ణ రవాణా శాఖ మంత్రి కూడా అయ్యారు. 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర తనే నడుపుతున్న కారు బోల్తా పడి చనిపోయారు. తండ్రిని అన్ని వేల కిలోమీటర్లు తిప్పిన మనిషి హైవే మీదే వెళ్లిపోయారన్న మాట అభిమానులు ఇప్పటికీ తలుచుకుంటారు.

ఇక ఆగిన బండి సంగతి. తిరిగే బండి కంటే నిలిచిపోయిన బండి టైర్లే త్వరగా మోసం చేస్తాయంటే చాలామంది నమ్మరు. షూటింగ్ కారవాన్ అయినా, నెలల తరబడి షెడ్డులో ఉండే ట్రైలర్ అయినా అంతే. బరువంతా ఒకే చోట పడి టైర్ అడుగు చదునవుతుంది. ఎండకు, గాలికి రబ్బరు ఎండి పక్కగోడ మీద సన్నటి పగుళ్లు వస్తాయి. పైన గాళ్లు మాత్రం కొత్తవాటిలా లోతుగానే ఉంటాయి, చూసి మోసపోతాం. పక్కగోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 1419 అని ఉంటే 2019లో 14వ వారం తయారైందని అర్థం. గాళ్ల కంటే ముందు అది చదవాలి. ఎక్కువ రోజులు ఆపేటప్పుడు యాక్సిల్ కింద స్టాండ్లు పెట్టి చక్రాలను నేల నుంచి లేపాలి, టైర్లకు ఎండ తగలకుండా కవర్ కప్పాలి. అది కుదరకపోతే అప్పుడప్పుడు బండిని కాస్త ముందుకో వెనక్కో జరిపి గాలి నింపినా నయమే.