లూయీ పాశ్చర్: ఆలస్యంగా వచ్చిన బిడ్డ

పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 సూదులు వేయించుకోవాలన్న మాట మన పెద్దవాళ్లందరికీ జ్ఞాపకమే. ఆ వైద్యానికి మూలపురుషుడు లూయీ పాశ్చర్. 1822 డిసెంబరు 27న ఫ్రాన్సులోని డోల్ పట్టణంలో జన్మించాడు. తండ్రి తోళ్లు పదునుచేసి బ్రతికేవాడు. కుటుంబం ఆ తర్వాత ఆర్బ్వా అనే ఊరిలో స్థిరపడింది. లూయీకి ఎనిమిదేండ్లప్పుడు పిచ్చిపట్టిన తోడేలొకటి ఆ ప్రాంతంలో పలువురిని కరిచింది. కమ్మరి కొలిమిలో ఇనుము ఎర్రగా కాల్చి గాయాలపై వాతలు పెట్టారు. అప్పటికి తెలిసిన చికిత్స అదొక్కటే. ఆ దృశ్యం బాలుని మనసులో నిలిచిపోయింది.

పాశ్చర్ చదివింది రసాయన శాస్త్రం, వైద్యం కాదు. ద్రాక్షరసం పులియడం, పట్టుపురుగుల తెగులు, గొర్రెల దొమ్మరోగానికి టీకా - ఇవన్నీ ఆయన పరిశోధనలే. ఇంట్లో మాత్రం దుఃఖం తప్పలేదు. ముగ్గురు కుమార్తెలు చిన్నతనంలోనే మరణించారు. 1868లో పక్షవాతం వచ్చి ఎడమవైపు చచ్చుబడింది. కుక్కకాటుపై పనికి పూనుకున్నది ఆ శరీరంతోనే.

జబ్బుపడిన కుందేలు వెన్నుపామును గాజుబుడ్డిలో వేలాడదీసి ఆరబెడితే, రోజురోజుకూ అందులోని విషం తగ్గుతుంది. బాగా ఎండినదానితో మొదలుపెట్టి క్రమంగా తాజాది ఎక్కిస్తే, కుక్కలు జబ్బును తట్టుకున్నాయి. అయితే దేశంలోని కుక్కలన్నిటికీ అన్నన్ని సూదులు వేయడం సాధ్యమా? ఒక్క పారిస్‌లోనే లక్షకు పైగా కుక్కలుండేవి. అందుచేత కరిచిన తర్వాత మనిషికి వేయడమే మార్గమని పాశ్చర్ తలచాడు. కాటులోని విషక్రిమి నరాల వెంట మెదడుకు చేరడానికి సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది. ఆలోగా శరీరాన్ని సిద్ధం చేయాలి.

1885 జూలై 6న ఆల్సేస్ నుండి ఒక తల్లి తన తొమ్మిదేండ్ల కుమారుడు జోసెఫ్ మైస్టర్‌ను తీసుకువచ్చింది. ఒంటినిండా కాట్లు. పాశ్చర్ డాక్టరు కాదు గనుక గ్రాంషే అనే వైద్యుడు సూది వేశాడు. మొత్తం 13 సూదులు పడ్డాయి. పిల్లవాడు బ్రతికాడు. ఒక సంగతి దాచకూడదు. సరిగ్గా ఆ పద్ధతిని అంతకుముందు కుక్కలపై పూర్తిగా పరీక్షించలేదని, ఆయన నోటుపుస్తకాలు చదివిన చరిత్రకారులు తరువాత తేల్చారు.

ఆ నవంబరులో పదేండ్ల లూయీజ్ పెల్‌టియేను తెచ్చారు. తలపై లోతైన గాయం. కుక్క కరిచి అప్పటికే 37 రోజులైంది. సమయం మించిపోయిందని పాశ్చర్‌కు తెలుసు. ఆ బిడ్డ చనిపోతే టీకాకే చెడ్డపేరు వస్తుందనీ, విరోధులు కాచుకొని ఉన్నారనీ తెలుసు. అయినా తల్లిదండ్రులను త్రిప్పిపంపలేకపోయాడు. డిసెంబరులో లూయీజ్ చనిపోయింది. ఆమె మంచం ప్రక్కన కూర్చున్న పాశ్చర్ గది దాటాక కంటతడి పెట్టాడు. జోసెఫ్ కథ పాఠ్యపుస్తకాల్లో ఉంది. లూయీజ్ పేరు మనలో ఎందరు విన్నాం?

1888లో పారిస్‌లో పాశ్చర్ సంస్థ వెలసింది. 1895 సెప్టెంబరు 28న ఆయన కన్నుమూశాడు. పెద్దవాడైన జోసెఫ్ ఆ సంస్థలోనే కాపలాదారుగా పనిచేశాడు.

మన దేశంలో కసౌలీలో 1900లో, మద్రాసు ప్రెసిడెన్సీలోని కూనూరులో 1907లో పాశ్చర్ సంస్థలు వచ్చాయి. బొడ్డు చుట్టూ వేసిన, గొర్రె మెదడు నుండి చేసిన ఆ మందు 1911లో కసౌలీలో రూపొందినదే. ఇప్పుడు అది లేదు. చేతికి నాలుగైదు మోతాదులు వేస్తారు. కాటును వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో పావుగంటసేపు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం పూసి, మంత్రం వేయించి, నాలుగు రోజులు చూద్దామంటే లూయీజ్ గతే. జబ్బు బయటపడ్డాక దాదాపు ఎవరూ బ్రతకరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రేబీస్‌ను నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల్లో చేర్చింది. ఏటా సుమారు 59,000 మంది చనిపోతున్నారని అంచనా. పదిమందిలో నలుగురు పదిహేనేండ్లలోపు పిల్లలే. కుక్కల వల్ల వచ్చే ఈ మరణాలను 2030 నాటికి లేకుండా చేయాలన్నది లక్ష్యం. అందుకు చెబుతున్న ఉపాయం, ఆనాడు పాశ్చర్ కానిపని అని విడిచిపెట్టినదే: ప్రతి ప్రాంతంలోనూ నూటికి 70 కుక్కలకు టీకా వేయడం. ఇప్పుడు కుక్కకు ఒక్కసారికి ఒక్క సూది చాలు. ఏండ్ల తరబడి కుక్కలకు ఉచితంగా టీకాలు వేసిన మెక్సికో, 2019లో ఆ లక్ష్యాన్ని అందరికంటే ముందు చేరుకున్న దేశంగా గుర్తింపు పొందింది.