దిక్సూచిని దిద్దిన నావికుడు

దిక్కు తోచని నడిసముద్రమున నావికునకు దిక్సూచియే దిక్కు. అదియే తప్పు చూపినచో ఓడకు గండము తప్పదు. ఆ తప్పునకు మూలము వెదకిన వారిలో మాథ్యూ ఫ్లిండర్సు అగ్రగణ్యుడు.

ఇతడు 1774లో ఇంగ్లండునందలి డానింగ్‌టన్ గ్రామమున ఒక వైద్యునకు జన్మించెను. తండ్రి వృత్తిని చేపట్టక పదునైదవ యేట నౌకాదళమున చేరెను. 1801లో ఇన్వెస్టిగేటర్ అను ఓడకు నాయకుడై ఆస్ట్రేలియా తీరమును కొలుచుటకు బయలుదేరెను. ఓడ ఉత్తర దక్షిణములకు నడచునపుడు సరిగా నుండు దిక్సూచి ముల్లు, తూర్పు పడమరలకు తిరిగినపుడు ప్రక్కకు తొలగుట అతడు గమనించెను. పరికరము చెడినదని త్రోసివేయక పెక్కుమారులు పరీక్షించి, ఓడలోని ఇనుమే ముల్లును లాగుచున్నదని నిశ్చయించెను.

తన ఓడ పుచ్చిపోగా చిన్న నావలో స్వదేశమునకు మరలుచు, 1803 డిసెంబరులో మారిషస్ ద్వీపమున ఆగెను. ఆ ద్వీపము నాడు ఫ్రెంచివారిది. ఇంగ్లండుతో యుద్ధము సాగుచుండుటచే వారతనిని గూఢచారిగా శంకించి ఆరేండ్లకు పైగా నిర్బంధించిరి. అతడు కుంగిపోక తన పరిశీలనలను వ్యాసముగా వ్రాసి పంపగా, 1805లో లండనులోని రాయల్ సొసైటీ దానిని ప్రకటించెను.

1810లో విడుదలయై, 1812లో నౌకాదళపు ఓడలపై మరల పరీక్షలు జరిపెను. దిక్సూచి చెంత ఇనుప కడ్డీని నిలువుగా నిలిపి తప్పును సవరింపవచ్చునని తెలిపెను. 1814 జూలై 19న, నలుబదేండ్ల ప్రాయముననే మరణించెను.

నేడు విహారనౌకలో ఎలక్ట్రానిక్ దిక్సూచి నమర్చువారును నౌకను మెల్లగా చుట్టు త్రిప్పియే తప్పును సరిచూతురు. ఆ కడ్డీకి ఫ్లిండర్సు కడ్డీ యనియే పేరు. ఏ దిక్సూచిని దిద్దుటకు అతడు శ్రమించెనో, దాని ప్రక్కనే అతని పేరు నిలిచియున్నది.