డాక్టరు పట్టాభి సీతారామయ్య పంతులుగారు: వారి బ్యాంకు, నాటి శాసనములు

మన నియోగి కులమున జన్మించి దేశమంతట పేరుగాంచిన మహనీయులను గూర్చి ఈ వార్షిక సంచికలలో ఎవరో యొకరు వ్రాయుచునే యున్నారు. డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య పంతులుగారి ప్రసంగము వచ్చినప్పుడు వారు కాంగ్రెసు చరిత్ర రచించిరనియు, 1939 లో సుభాస్ చంద్రబోసుగారితో పోటీ చేసి యోడిపోయిరనియు, 1948 లో జయపుర కాంగ్రెసునకు అధ్యక్షులైరనియు చెప్పి విడుచుట పరిపాటి. అవి బడిపిల్లలు నెరిగినవే. మే మిచట వారి బ్యాంకు కథను జెప్పదలచితిమి. రాజకీయములకన్న ఆ పనియే ఎక్కువ ఇండ్ల గడపలు త్రొక్కినదని మా యభిప్రాయము.

వారు 1880 వ సంవత్సరము నవంబరు 24 వ తేదీన, నేటి ఏలూరు జిల్లాలోని గుండుగొలనులో జన్మించిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, పిమ్మట వైద్యపట్టము బడసి, బందరులో వైద్యవృత్తి నారంభించిరి. ఆ దినములలోనే, అనగా 1906 అక్టోబరులో, మద్రాసున ఆర్బత్‌నాట్ కంపెనీ కూలిపోయెను. అది దొరల కంపెనీ. వేలకొలది జనులు దొరల పేరే పూచీ యనుకొని సొమ్ము దాచుకొనిరి. చేరిన సొమ్ములో నింత భాగము నిలువ యుంచవలెనని యడుగు శాసనము నాడు లేదు. యజమానికి కారాగారశిక్ష పడెను గాని దాచుకొన్నవారి సొమ్ము పూర్తిగా తిరిగి రాలేదు.

శాసనము ద్వారము తెరచినగాని మంచివారి పూనికయు లోనికి పోజాలదనుటకు సహకార సంఘములే సాక్ష్యము. 1904 నాటి చట్టము ఋణసహకార సంఘముల వరకే అనుమతించినది. ఆ సంఘములన్నియు కూడి పైన నొక కేంద్రబ్యాంకు నేర్పరచుకొనుటకు 1912 నాటి చట్టము వీలు కల్పించెను. అటుపిమ్మటనే 1915 లో కృష్ణా సహకార కేంద్రబ్యాంకు వెలసినది. దాని స్థాపనలో పట్టాభిగారి కృషి గలదు.

ఇక 1923. ఆ యేడు ఏప్రిలులోనే సిమ్లా అలయన్సు బ్యాంకు తలుపులు మూసెను. అంతకు పదేండ్ల క్రిందట, 1913, 1914 సంవత్సరములలో, దేశమున స్వదేశీ బ్యాంకులు వరుసగా కూలిన జ్ఞాపకము జనులకింకను చల్లారలేదు. అట్టి యేట నవంబరు 20 వ తేదీన పట్టాభిగారు ఆంధ్రా బ్యాంకును రిజిస్టరు చేయించి, 28 వ తేదీన బందరున వ్యాపారము ప్రారంభింపజేసిరి. అధికృత మూలధనము 10 లక్షల రూపాయలు. చెల్లిన మూలధనము 1 లక్ష మాత్రమే.

ఇచట నొక వింత గలదు. ఆ కాలమున పట్టాభిగారు సహాయ నిరాకరణ వ్రతమును విడువని పక్షమువారు. శాసనసభలలో కాంగ్రెసువారు అడుగుపెట్టరాదని గట్టిగా వాదించినవారు. అట్టివారు ఆ ప్రభుత్వమువారి 1913 నాటి కంపెనీల చట్టము క్రిందనే తమ బ్యాంకును నమోదు చేయించుకొనిరి. కొంద రిది విరోధమందురు. మాకట్లు తోచదు. పదిమందికి మించిన జనులు కూడి బ్యాంకు వ్యాపారము చేయవలెనన్న నమోదు తప్పనిసరి యని ఆ చట్టమే విధించినది. నమోదు లేనిదే వాటాదారులకు బాధ్యతలో పరిమితియు లేదు. రైతులయొద్దను ఉద్యోగులయొద్దను వాటాలు గొనుడని యడుగువాడు వారి యిల్లువాకిళ్ల కపాయము లేకుండ జూడవలదా?

అయితే ఆ చట్టము డిపాజిటుదారునకు చేసిన మేలు స్వల్పము. ఏటికి రెండుమారులు ఆస్తి అప్పుల పట్టిక వ్రాసి నలుగురికి కానవచ్చుచోట అంటింపవలెనను నియమ ముండెను. ఆ పట్టికను చదివి యర్థము చేసికొనగలవారు ఊరికెందరు? మేము ముప్పదియేండ్లు బడిలో చక్రవడ్డీ లెక్కలు చెప్పితిమి. అట్టి పట్టిక మాకే ఒకంతట కొరుకుడు పడదు. కావున నాటి డిపాజిటుదారుడు నమ్మినది చట్టమును గాదు, పట్టాభిగారి పేరును. వారి పేరు నిజమైన దగుట బందరువారి యదృష్టము. ఆర్బత్‌నాటు దొరల పేరును జనులట్లే నమ్మియుండిరి గదా.

1935 ఏప్రిలు 1 న రిజర్వు బ్యాంకు పని యారంభించినది. మూలధనమును నిధులును కలసి 5 లక్షలకు తగ్గని బ్యాంకులనే తన షెడ్యూలులో చేర్చుకొని, వాని బాకీలలో కొంత భాగమును తనయొద్ద నిలువ యుంచవలెనని విధించెను. 1936 లో కంపెనీల చట్టమును సవరించి, బ్యాంకు అననేమో నిర్వచించి, లాభములలో నూటికి 20 వంతులు నిధికి చేర్పవలెననిరి. అయినను 1938 లో తిరువాన్కూరు నేషనల్ క్విలన్ బ్యాంకు కూలినప్పుడు దక్షిణదేశమున ఎన్నియో బ్యాంకులు గడగడలాడినవి. ఆ యేడే మద్రాసు కాంగ్రెసు మంత్రివర్గము రైతుల ఋణవిమోచన చట్టము చేసెను. అసలుకు రెండింతలు చెల్లించిన రైతు ఋణము తీరినట్లేయని అందు గలదు. మన ధర్మశాస్త్రములలో కుసీదమునకు చెప్పిన ద్వైగుణ్య నియమమే ఇది. ధర్మశాస్త్రము చదివినవారి కీ చట్టము క్రొత్తది గాదు.

పట్టాభిగారు 1925 లో ఆంధ్రా ఇన్‌స్యూరెన్సు కంపెనీని గూడ స్థాపించియుండిరి. 1938 నాటి బీమా చట్టము, జీవిత బీమా కంపెనీలు తమ బాధ్యతలలో నూటికి 55 వంతులకు సరిపడు సొమ్మును ప్రభుత్వ పత్రములలోను, ప్రభుత్వ మామోదించిన పత్రములలోను పెట్టవలెనని శాసించినది. 1942 నుండి మూడేండ్లు పట్టాభిగారు అహమ్మదునగరు కోటలో ఖైదీ. వారిని బంధించిన ప్రభుత్వమునకే వారి కంపెనీవంటి స్వదేశీ కంపెనీలు ఋణమిచ్చుచుండవలసి వచ్చెను! పాలసీదారునకు క్షేమమని తలచి యందరును ఆ నియమమును పాటించిరి.

స్వరాజ్యము వచ్చిన తరువాత 1949 లో బ్యాంకింగు కంపెనీల చట్టము పుట్టెను. బ్యాంకు నడుపుటకు లైసెన్సు, క్రొత్త శాఖకు అనుమతి, పుస్తకముల తనిఖీ, పూచీ లేక డైరెక్టర్లకు అప్పు లీయకుండ నిషేధము అందలి నియమములు. స్థాపకుని పేరు చేయుచుండిన పని నిక చట్టము చేయసాగెను. చట్టమంతటితో నాగలేదు. 1956 జనవరి 19 న జీవిత బీమాను ప్రభుత్వము స్వాధీనము చేసికొన్నప్పుడు పట్టాభిగారు మధ్యప్రదేశ గవర్నరుగా నాగపురమున నుండిరి. తాము నాటిన చెట్టును ప్రభుత్వము తన దొడ్డిలోనికి మార్చుకొనుచుండగా ఆ ప్రభుత్వపు పీఠముననే కూర్చుండి చూచిన స్థాపకులు వేరొకరు గలరా యని మాకు సందేహము.

వారు 1959 డిసెంబరు 17 న హైదరాబాదులో కీర్తిశేషులైరి. మరుసటి యేడు కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడగా, ఆ దుఃఖమునుండి డిపాజిటు బీమా పుట్టి, 1962 లో తలకు 1,500 రూపాయలతో మొదలయ్యెను. ఆంధ్రా బ్యాంకును 1980 ఏప్రిలు 15 న జాతీయము చేసిరి. డిపాజిటు బీమాను 5 లక్షలకు పెంచినది 2020 ఫిబ్రవరిలో. ఆ యేడే ఏప్రిలు 1 న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో లీనమై, బోర్డులపై ఆ పేరు మాసిపోయెను. మా వీధిలోని పింఛనుదారులు మాత్రము నేటికిని నెల మొదట ఆంధ్రా బ్యాంకునకు పోయివత్తుమనియే చెప్పి బయలుదేరుచున్నారు.