పూటకూళ్ల యింటి తరువాత: డాక్టరు బాబ్ స్మిత్ జీవితము

ధ్యానభాగము: లూకా 10:30–35

మంచి సమరయుడు గాయపడినవానిని పూటకూళ్ల యింట చేర్చి, రెండు దేనారములిచ్చి, తాను తిరిగి వచ్చెదనని చెప్పి వెళ్లెను. చేర్చుట ఒక పని. తిరిగి వచ్చుట మరియొక పని. ఈ రెండవదాని విలువను అమెరికా వైద్యుడైన రాబర్టు స్మిత్ జీవితములో చూడగలము.

ఆయన 1879లో వెర్మాంటు రాష్ట్రములో జన్మించెను. 1910లో వైద్యపట్టము పొంది, ఒహాయోలోని ఆక్రన్ పట్టణమున శస్త్రవైద్యుడాయెను. అయితే కాలేజీ దినములలో అలవడిన మద్యము ఆయనను విడువలేదు. పగలు వణకు అణచుటకు మత్తుమందులు, రాత్రి మద్యము. పలుమారులు ఆసుపత్రులలో చేరెను. కుదుటపడి ఇల్లు చేరును, మరల త్రాగును. భార్య ఆనియు, ప్రార్థనకూటపు స్నేహితులును ఆయన కొరకు ప్రార్థించిరి.

1935 మే నెలలో న్యూయార్కు వాడైన బిల్ విల్సన్ ఆయనను కలిసెను. ఇతడును పలుమారులు ఆసుపత్రి పాలై, అయిదు నెలల క్రిందటనే మద్యము మానినవాడు. పదునైదు నిమిషములే కూర్చుందునన్న డాక్టరు ఆరు గంటలు కూర్చుండెను. వచ్చినవాడు తనవలె పడి లేచినవాడు గదా! అయినను జూనులో వైద్యుల మహాసభకు వెళ్లి మరల పడెను. స్నేహితుడు ఆయనను విడువలేదు. 1935 జూను 10 తరువాత డాక్టరు మరల త్రాగలేదు. ఆ దినమునే ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సహవాసము పుట్టిన దినముగా ఎంచుదురు.

1939 మొదలు సెయింట్ థామస్ ఆసుపత్రిలో సిస్టర్ ఇగ్నేషియా ఆయనకు తోడ్పడెను. 1950లో మరణించులోపల ఆయన సుమారు 5,000 మందికి రుసుము లేకుండ సాయపడెను. అచ్చట రోగులు సామాన్యముగా అయిదు దినములుందురు. మద్యము మానినవారు వచ్చి మంచము ప్రక్కన కూర్చుందురు. ఇల్లు చేరిన పిమ్మటను వారే తోడు.

మన సికింద్రాబాదు ప్రాంతమునకు ఈ బాధ క్రొత్తది కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వలన కల్లు దుకాణములు మూతపడగా, కల్తీకల్లుకు అలవాటుపడినవారు అనేకులు వణకుతోను మతిభ్రమతోను ఎర్రగడ్డ ఆసుపత్రికి తేబడిరి. హఠాత్తుగా మానినప్పుడు మూర్ఛలును ప్రాణాపాయమును కలుగవచ్చును. గనుక ప్రార్థించుచునే వైద్యుని యొద్దకు త్వరపడుడి. ఆసుపత్రి ఆ గండము దాటించును. సాయంకాలము దుకాణము ముందుగా నడిచి ఇల్లు చేరుటకు తోడివాడు కావలెను.

మీ సంఘములో అట్టివాడు ఆసుపత్రినుండి తిరిగి వచ్చెనా? వాని గడప ఎవరు త్రొక్కిరి? మరల పడినయెడల రెండవమారు ఎవరు వెళ్లెదరు? గలతీయులకు 6:2 చదువుకొని, ఈ వారమే బయలుదేరుడి.