అక్కడ వద్దన్న విషం.. ఇక్కడికెందుకు?

తన ఇంట్లో వాడనన్న మందును పొరుగింటికి అమ్మడం న్యాయమేనా? అమెరికా శాస్త్రవేత్త, రచయిత్రి రేచల్ కార్సన్ కన్నుమూసి అరవై ఏళ్లు దాటింది. ఆమె మొదలుపెట్టిన పోరు చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగింది.

1907 మే 27న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్ప్రింగ్‌డేల్‌లో పుట్టారామె. అంతంతమాత్రపు సంసారం. చిన్నప్పుడే తల్లి వెంట తిప్పుతూ పిట్టలనూ చెట్లనూ పరిచయం చేసింది. 1932లో జంతుశాస్త్రంలో ఎం.ఏ. పూర్తిచేశారు. 1935లో తండ్రి పోవడంతో ఇంటి బరువంతా మీద పడింది. పై చదువు మాని ప్రభుత్వ మత్స్యశాఖలో చేరారు. 1951లో సముద్రం మీద రాసిన పుస్తకం పేరు తేవడంతో మరుసటి ఏడాది ఉద్యోగం వదిలేశారు. పెళ్లి చేసుకోలేదు. 1957లో అక్క కూతురు చనిపోతే, ఆమె కొడుకును తానే దత్తత తీసుకుని సాకారు.

ఉత్తరంతో మలుపు

1958లో ఓ స్నేహితురాలి నుంచి ఉత్తరం వచ్చింది. దోమల కోసం విమానంతో డీడీటీ చల్లితే తమ ఇంటి చుట్టూ పిట్టలు రాలిపోయాయన్నది అందులోని గోడు. కార్సన్ నాలుగేళ్లు శ్రమించి, 1962లో ‘సైలెంట్ స్ప్రింగ్’ పుస్తకం తెచ్చారు. చెట్టు మీద చల్లిన మందు ఆకులతో పాటు నేలకు, వానపాములకు, వాటిని తినే పిట్టలకు ఎలా చేరుతుందో అందరికీ అర్థమయ్యేలా చెప్పారు. మందులన్నీ మానేయమనలేదు. విచ్చలవిడిగా చల్లొద్దన్నారు. చల్లేది ఏమిటో జనానికి తెలియాలన్నారు.

కంపెనీలు విరుచుకుపడ్డాయి. ఓ సంస్థ కోర్టుకెక్కుతానని బెదిరించింది. అప్పటికే ఆమెకు రొమ్ము క్యాన్సర్. బయటపడితే రాతను శంకిస్తారని దాచిపెట్టారు. 1963లో అధ్యక్షుడు కెన్నెడీ సలహా సంఘం ఆమె మాటే నిజమంది. 1964 ఏప్రిల్ 14న 56 ఏళ్లకే కన్నుమూశారు.

గెలిచింది సగమే

1972లో అమెరికా తన పొలాల్లో డీడీటీని నిషేధించింది. ఎగుమతికి మాత్రం అడ్డు పెట్టలేదు. 1980ల మొదటి దాకా అక్కడ తయారైన డీడీటీ ఇతర దేశాలకు వెళ్తూనే ఉంది. 1981 జనవరిలో అధ్యక్షుడు కార్టర్ ఇలాంటి ఎగుమతులకు కళ్లెం వేస్తే, మరుసటి నెలలోనే రీగన్ తీసేశారు. పేద దేశాలకు మలేరియా ఉంది, మందు కావాలి కదా అన్న వాదనలో కొంత నిజం లేకపోలేదు. అందుకే దోమల నివారణకు డీడీటీకి నేటికీ మినహాయింపు ఉంది. మరి పత్తి చేను సంగతి?

2004లో అమల్లోకొచ్చిన రోటర్‌డామ్ ఒప్పందం ప్రకారం, జాబితాలోని మందును పంపాలంటే కొనే దేశం ముందే ఒప్పుకోవాలి. జాబితాకెక్కని మందులకు ఆ కట్టడి లేదు. 2017లో మన పక్కనే ఉన్న యవత్మాల్‌లో పిచికారీ చేస్తూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. ఏ మందు ఎంత చేటు చేసిందన్నది వివాదమే. అక్కడ వాడినవాటిలో డయాఫెంథియురాన్ ఒకటి. స్విట్జర్లాండ్ తన పొలాల్లో దాన్ని అనుమతించదు. మనకు మాత్రం పంపింది. 2021 నుంచి ఆ ఎగుమతినీ ఆపేసింది.

ఇప్పుడు మన దేశమూ పురుగుమందులు ఎగుమతి చేసే పెద్ద దేశాల్లో ఒకటి. కాబట్టి కార్సన్ పోరు అడిగే ప్రశ్నకు మనమూ జవాబు చెప్పాలి. పంపు భుజానికెత్తుకునే కూలీకి డబ్బాలో ఏముందో తెలుసా?