కంకిపాడు నుంచి సాగర్ దాకా: డాక్టర్ కె.ఎల్. రావు గారి జీవితం



ఈ నెల మీ పిల్లలు సైన్స్‌లో శక్తి రూపాలు, విద్యుత్తు పాఠాలు చదువుతున్నారు. స్థితిశక్తి, గతిశక్తి, యాంత్రికశక్తి, విద్యుచ్ఛక్తి అని ఇంట్లో గట్టిగా వల్లె వేయడం మీకు వినిపిస్తూనే ఉంటుంది. ఆ నాలుగు మాటలూ పరీక్ష అయిపోగానే మరిచిపోకుండా ఉండాలంటే వాటిని మనకు తెలిసిన ఒక చోటుకు, ఒక మనిషికి ముడిపెట్టాలి. నూజెండ్లలో ఉన్న మనకు ఆ చోటు నాగార్జునసాగర్. ఆ మనిషి దాని రూపశిల్పి డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారు. ఈ నెల ఆయన కథను రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లలకు మీరే చెప్పండి.

ఒక కన్ను పోయినా

కె.ఎల్. రావు గారు 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. తొమ్మిదేళ్ల వయసులో తండ్రి చనిపోయారు. బడిలో ఆడుకుంటుండగా దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. అప్పటి పల్లెటూళ్లలో ఇలాంటి పిల్లవాడి గురించి ఇరుగుపొరుగు ఏమనుకునేవారో మీరు ఊహించుకోగలరు. పెద్ద చదువుల మాట అలా ఉంచి, ఇంటి భారం ఎప్పుడు ఎత్తుకుంటాడా అని చూసే కాలం అది.

ఆయన చదువు మానలేదు. మద్రాసు వెళ్లి గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చేరారు. గీత ఒక వెంట్రుక వాసి తప్పినా లెక్క మారిపోయే డ్రాయింగులతో, ఒక్క కంటితోనే నెగ్గుకొచ్చారు. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ డిగ్రీ అందుకున్న మొదటి విద్యార్థి ఆయనే. 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ పొందారు. రంగూన్‌లోనూ, ఇంగ్లండులోనూ పాఠాలు చెప్పారు. రీయిన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు మీద పుస్తకం కూడా రాశారు.

విదేశంలో స్థిరపడే అవకాశం ఉన్నా దేశానికి తిరిగొచ్చి మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజనీరుగా చేరారు. గోదావరి మీద తలపెట్టిన రామపాద సాగర్ డిజైన్ల కోసం పనిచేశారు. ఆ ప్రాజెక్టు అప్పట్లో కాగితాలు దాటి ముందుకు వెళ్లలేదు. 1950లో డిజైన్ల డైరెక్టరుగా ఢిల్లీ వెళ్లి, 1954లో చీఫ్ ఇంజనీరు అయ్యారు.

బరువుతో నిలిచే గోడ

అదే సమయంలో కృష్ణానీళ్లు ఎటు వెళ్లాలన్న వాదన నడుస్తోంది. నీటిని దక్షిణంగా పెన్నా వైపు తరలించాలని మద్రాసు ప్రభుత్వం ఆలోచించింది. నందికొండ దగ్గర ఆనకట్ట కడితే పల్నాడు మెట్టభూములకు నీరొస్తుందని ముక్త్యాల రాజా వంటివారు పట్టుబట్టారు. 1952లో ఖోస్లా కమిటీ వచ్చి చూసి నందికొండ చోటునే సమర్థించింది. 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు.

ఈ డ్యామ్ డిజైన్‌కు పెద్ద దిక్కు కె.ఎల్. రావు గారు. ఆయన కాంక్రీటులో ఆరితేరినవారు, సాగర్ డ్యామ్ మాత్రం రాతి కట్టడం. కారణం సులభంగానే అర్థమవుతుంది. అప్పుడు దేశంలో సిమెంటుకు కరువు. పెద్ద యంత్రాలు తెప్పించాలంటే విదేశీ మారకద్రవ్యం కావాలి. రాయి మాత్రం మన దగ్గరే ఉంది, రాయి కొట్టగల చేతులూ ఉన్నాయి. వేలాది మంది కూలీలు, మేస్త్రీలు ఏళ్ల తరబడి ఆ గోడ లేపారు. పునాది నుంచి సుమారు 124 మీటర్ల ఎత్తు, 26 గేట్లు. ఇలాంటి డ్యామ్‌ను గ్రావిటీ డ్యామ్ అంటారు. అంత నీరు వెనక నుంచి తోస్తున్నా తన బరువుతోనే అది కదలకుండా నిలబడుతుంది.

ఆ నీటి కింద ఊళ్లు మునిగాయి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ కూడా మునిగింది. తవ్వకాల్లో దొరికిన శిల్పాలను కొండ మీద మ్యూజియంలో దాచారు. పొలం, ఇల్లు వదిలి వెళ్లినవారి త్యాగం కూడా సాగర్ కథలో భాగమేనని పిల్లలకు చెప్పండి. 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు.

నీటి ఎత్తే కరెంటు

ఇప్పుడు పాఠం దగ్గరకు వద్దాం. ఎండకు సముద్రం నీరు ఆవిరై మేఘంగా మారి ఎక్కడో పడమటి కనుమల్లో వానగా కురుస్తుంది. అంటే నీటిని పైకెత్తింది సూర్యుడు. డ్యామ్ వెనక ఎత్తులో నిలిచిన ఆ నీటికి ఉన్నది స్థితిశక్తి. పెద్ద గొట్టాల్లోంచి కిందికి దూకేటప్పుడు అది గతిశక్తి అవుతుంది. ఆ వేగం టర్బైన్ చక్రాన్ని తిప్పితే యాంత్రికశక్తి. టర్బైన్‌తో పాటు జనరేటర్‌లో అయస్కాంతాలు తీగచుట్టల మధ్య తిరిగితే విద్యుచ్ఛక్తి. తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే కరెంటు పుడుతుందని 1831లో మైఖేల్ ఫారడే కనిపెట్టారు. సాగర్‌లో పనిచేస్తున్నది ఆ సూత్రమే.

సాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో 1978లో ఉత్పత్తి మొదలైంది. దాని మొత్తం సామర్థ్యం 815.6 మెగావాట్లు. అక్కడి ఎనిమిది యంత్రాల్లో ఏడు వెనక్కి కూడా తిరుగుతాయి. కరెంటు మిగిలిన వేళల్లో కింది నీటిని మళ్లీ పైకి తోడతాయి, అవసరం వచ్చినప్పుడు అదే నీటిని వదిలి కరెంటు తీస్తాయి. పవర్ బ్యాంక్ చార్జ్ చేసి పెట్టుకున్నట్టే అని చెబితే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. మన వైపు కుడికాలువ మీద కూడా 90 మెగావాట్ల కేంద్రం ఉంది. పొలాలకు వచ్చే నీరే దారిలో కరెంటు ఇచ్చి వస్తుంది.

మంత్రిగా పదేళ్లు

కె.ఎల్. రావు గారు 1962, 1967, 1971 ఎన్నికల్లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. 1963లో పద్మభూషణ్ అందుకున్నారు. అదే ఏడాది కేంద్ర మంత్రివర్గంలో చేరి సుమారు పదేళ్లు నీటిపారుదల, విద్యుత్తు వ్యవహారాలు చూశారు. పక్క రాష్ట్రాల మధ్య కరెంటు ఇచ్చిపుచ్చుకోవడానికి ప్రాంతీయ విద్యుత్ బోర్డులు 1964లో వచ్చాయి. పల్లెలకు లైన్లు వేయడానికి అప్పులిచ్చే గ్రామీణ విద్యుదీకరణ సంస్థ 1969లో పుట్టింది. రెండూ ఆయన మంత్రిగా ఉన్న కాలంలోనివే.

ఆయన తలపెట్టినవన్నీ నెరవేరలేదు. 1972లో గంగను కావేరితో కలిపే కాలువ ప్రతిపాదన ముందుకు తెచ్చారు. నీటిని అంత ఎత్తుకు ఎక్కించాలంటే అపారమైన కరెంటు కావాలి, ఖర్చూ భరించలేనిదని తేలి అది ఆగిపోయింది. ఇందులోనూ పిల్లలకు పాఠం ఉంది. నీరు కిందికి దిగితే శక్తిని ఇస్తుంది, పైకి ఎక్కించాలంటే శక్తిని అడుగుతుంది.

1986 మే 18న ఆయన కన్నుమూశారు. తర్వాత మన పల్నాడులోనే పులిచింతల దగ్గర కృష్ణ మీద కట్టిన ప్రాజెక్టుకు డాక్టర్ కె.ఎల్. రావు సాగర్ అని పేరు పెట్టారు. ఎగువన ఆయన డిజైన్, దిగువన ఆయన పేరు, రెండింటి మధ్య మన నది.

ఈ నెల ఇంట్లో చేయించండి

మొదటిది, కరెంటు మీటరు. వరసగా రెండు రోజులు ఒకే సమయానికి రీడింగు రాయించండి. తేడాయే ఒక రోజులో మీరు వాడిన యూనిట్లు. వంద మీటర్ల ఎత్తు నుంచి పడే ఒక లీటరు నీటిలో సుమారు 980 జౌళ్ల శక్తి ఉంటుంది. పది వాట్ల ఎల్‌ఈడీ బల్బు దానితో ఒకటిన్నర నిమిషం వెలుగుతుంది. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. అంటే సుమారు 3,700 లీటర్లు అంత ఎత్తు నుంచి పడాలి. యంత్రాల్లో వృథా అయ్యేది కూడా కలిపితే వెయ్యి లీటర్ల ట్యాంకులు నాలుగు. మీరు వాడిన యూనిట్లకు ఎన్ని ట్యాంకులో పిల్లల చేతనే లెక్క కట్టించండి. ఖాళీ గదిలో ఫ్యాను కట్టేయమని తర్వాత మీరు చెప్పాల్సిన పని ఉండకపోవచ్చు.

రెండోది, సైకిల్ డైనమో. తాతయ్యల పాత సైకిల్ దొరికితే చక్రం తిప్పించండి. డైనమో ఆనించగానే చక్రం బరువెక్కుతుంది. వెలుగు ఊరికే రాదని చేతికే తెలుస్తుంది.

మూడోది, సాగర్ ప్రయాణం. సెలవులకు మాచర్ల మీదుగా వెళ్తే డ్యామ్ చూపించి, పైనుంచి కింది దాకా ఏ శక్తి ఎక్కడ మారుతుందో పిల్లలనే చెప్పమనండి.

ప్రయోగాలన్నీ టార్చి సెల్సుతోనే చేయించండి. ఇంటి స్విచ్ బోర్డులు, ప్లగ్గుల జోలికి పిల్లలు వెళ్లకుండా చూసుకోండి.

మీ అబ్బాయికి కళ్లద్దాలు ఉండవచ్చు, మీ అమ్మాయికి ఈసారి సైన్స్‌లో మార్కులు తగ్గి ఉండవచ్చు. ఇంట్లో ఏదో కష్టం నడుస్తూ ఉండవచ్చు. కంకిపాడులో తండ్రి లేని, ఒక కంటి చూపు లేని పిల్లవాణ్ణి బడి మాన్పించి ఉంటే నష్టం ఆ ఒక్క ఇంటితో ఆగేది కాదు. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేటప్పుడు ఆయన్ను ఒకసారి తలుచుకోండి.