లార్డు రూథర్‌ఫర్డు మహాశయుడు

కంటికి గోచరింపని దానిని కొలుచుట యెట్లను సందేహము మన విద్యార్థులకు తరచుగా కలుగుచుండును. దీనికి సమాధానము ఎర్నెస్టు రూథర్‌ఫర్డు మహాశయుని జీవితమునందు కలదు గనుక ఆయన చరిత్రమును సంగ్రహముగా మా చదువరుల యెదుట నుంచుచున్నాము.

ఆయన 1871వ సంవత్సరము ఆగస్టు 30వ తేదీన న్యూజీలండు దేశమున నెల్సను పట్టణ సమీపమందు జన్మించెను. తండ్రి బండిచక్రములు చేసియు, పిమ్మట నారపని చేసియు కుటుంబమును పోషించెను. తల్లి వివాహమునకు పూర్వము ఉపాధ్యాయిని. పండ్రెండుగురు సంతానములో ఈయన నాల్గవవాడు. ధనబలము లేకున్నను విద్యార్థి వేతనములను సంపాదించుకొనుచు 1895లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి చేరెను. 1898లో కెనడాయందలి మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను.

యురేనియమునుండి కిరణములు వెలువడుచున్నవని బెక్వెరెలు 1896లోనే కనుగొనియుండెను. రూథర్‌ఫర్డు యురేనియమును ఒక లోహఫలకముపై పరచి, దాని కెదురుగా మరియొక ఫలకము నుంచెను. ఈ కిరణములు సోకిన గాలి విద్యుత్తును పోనిచ్చును. ఆ విద్యుత్తును ఎలక్ట్రోమీటరుచే కొలుచుచు, యురేనియముపై సన్నని అల్యూమినియము రేకులను ఒకదానిపై నొకటి పేర్చెను. మొదటి కొన్ని రేకులకు విద్యుత్తు త్వరగా తగ్గెను. పిదప రేకులు చేర్చినను మిక్కిలి కొద్దిగా మాత్రమే తగ్గెను. కిరణము లన్నియు ఒకే జాతివైనచో అట్లు జరుగదు. కావున రెండు జాతులు గలవని గ్రహించి, 1899లో వానికి ఆల్ఫా, బీటా యని పేరిడెను.

మరుసటి సంవత్సరము పారిసులో విలార్ అను పండితుడు రేడియమునుండి సీసమును సైతము దాటివచ్చు కిరణములను ఛాయాచిత్ర ఫలకముపై గుర్తించెను. వానికి 1903లో గామా యని పేరిడినవాడు రూథర్‌ఫర్డు. ఆయన లెక్క చొప్పున బలము సగమగుటకు ఆల్ఫాకు 0.0005, బీటాకు 0.05, గామాకు 8 సెంటీమీటర్ల అల్యూమినియము కావలెను. గామా కిరణములు 16 పాళ్లనుకొందము. 8 సెంటీమీటర్లు దాటునప్పటికి 8 పాళ్లు, మరి 8 దాటునప్పటికి 4, ఆ పిమ్మట 2 మిగులును. అడ్డు పెరిగినకొలది తరుగుచుండును గాని పూర్తిగా నశింపవు. 30 సెంటీమీటర్ల ఇనుమును దాటివచ్చిన గామా కిరణములను సైతము ఆయన ఉపకరణము గుర్తింపగలిగెను. సీసము మిగుల సాంద్రమగుటచే అంతకంటె తక్కువ మందముతోనే వానిని అడ్డగించును.

ఇది కేవలము పండితుల వినోదము కాదు. తొలిదినములలో రేడియమును నిర్భయముగా చేత బట్టినవారు గాయములపాలైరి; కొందరు ప్రాణములనే కోల్పోయిరి. నేడు వైద్యశాలలలో గామా కిరణములతో చికిత్స చేయు గదుల గోడల మందము ఇట్టి కొలతలనుబట్టియే నిర్ణయింపబడుచున్నది. రోగికి మేలుచేయు కిరణము పరిచారకులకు కీడుచేయకుండుట ఆ లెక్కపై నాధారపడి యున్నది.

1908లో రూథర్‌ఫర్డునకు రసాయన శాస్త్రమున నోబెలు బహుమానము లభించెను. 1914లో ఆండ్రేడుతో గూడి, గామా కిరణములు వెలుతురువంటి తరంగములే యని స్ఫటికముల సాయమున నిరూపించెను. 1919లో కేంబ్రిడ్జియందలి కావెండిషు ప్రయోగశాల కధిపతి యయ్యెను. 1938 జనవరిలో కలకత్తాయందు జరుగవలసిన భారత విజ్ఞాన మహాసభకు అధ్యక్షత వహింప నంగీకరించియుండియు, 1937 అక్టోబరు 19వ తేదీన పరమపదించెను. ఆయన చితాభస్మము వెస్టుమినిస్టరు ఆబీయందు న్యూటను సమాధి చెంతనే నిక్షేపింపబడెను.

బాలబాలికలారా, ఆయన తొలి పరిశోధనకు కావలసినవి రెండు ఫలకములు, కొన్ని రేకులు, ఒక కొలత యంత్రము మాత్రమే. ఒక్కొక్క రేకును చేర్చి, ప్రతిమారును మరల కొలిచి, చూచినదానిని ఉన్నదున్నట్లు వ్రాసికొను ఓర్పును సత్యనిష్ఠయు శేషించిన కార్యమును నెరవేర్చెను. ఆ గుణములు మన పాఠశాలయందలి ప్రతి విద్యార్థికిని సాధ్యములే యని మేము నమ్ముచున్నాము.